మీ మిషన్‌కు పునీతుల అవశేషాలు తెప్పిస్తున్నారా? అయితే ఇలా చేయండి

పునీతుల అవశేషం ఒకటి మన మిషన్‌కు తెప్పిద్దాం అని విచారణ (పారిష్) సంఘంలో ఎవరైనా అనగానే అందరూ సరే అంటారు. అవశేషం అంటే పునీతుల దేహంలోని భాగం, లేదా వాళ్లు వాడిన వస్తువు. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. ఎవరికి ఉత్తరం రాయాలి, ఏ కాగితం చూడాలి, గుడిలో ఎక్కడ పెట్టాలి, జనం తోసుకుంటే ఏం చేయాలి, రాత్రి తాళం ఎవరి దగ్గర ఉండాలి? వీటన్నిటినీ విచారణ గురువు నెత్తిన పడేస్తే పని సాగదు. ఉపదేశులు, సిస్టర్లు, సంఘ పెద్దలు పంచుకోవాలి. ఈ వ్యాసం వాళ్లందరి కోసం.

ఈ అలవాటు మిషన్లంత పాతది. 601లో పోప్ మహా గ్రెగోరీ ఇంగ్లండ్ మిషన్‌కు మెల్లితుస్ బృందాన్ని పంపినప్పుడు పూజా పాత్రలు, వస్త్రాలు, పుస్తకాలతో పాటు అపొస్తలుల, వేదసాక్షుల అవశేషాలు కూడా పంపారు. స్లావ్ జాతుల మధ్య సువార్త ప్రకటించిన సిరిల్, మెతోడియస్ సోదరులు తొలినాటి పోప్ పునీత క్లెమెంతువారివని నమ్మిన ఎముకలను వెంటబెట్టుకుని తిరిగి, చివరికి రోముకు చేర్చారు. కొత్తగా ఏర్పడిన సంఘానికి అవశేషం పాత సంఘంతో చుట్టరికం లాంటిది. మీరు చేయబోయేది కూడా ఆ వరుసలోనిదే. అందుకే తొందరపడకండి.

ఎవరి అవశేషం, ఎందుకు

దొరికింది కదా అని తెచ్చుకోవద్దు. మీ సంఘం జీవితంతో ఏదో ఒక సంబంధం ఉన్న పునీతుణ్ణి ఎంచుకోండి: మీ గుడి పాలక పునీతుడు కావచ్చు, మీ మిషన్‌ను స్థాపించిన మఠం మూలపురుషుడు కావచ్చు. ఏదీ తోచకపోతే ఫ్రాన్సిస్ శౌరివారు (ఫ్రాన్సిస్ జేవియర్), చిన్న తెరేజమ్మ (లిజియూ తెరేసా) ఉండనే ఉన్నారు. వేదవ్యాపక పాలకులుగా శౌరివారి సరసన తెరేజమ్మను కూడా పోప్ 11వ పయస్ 1927లో నిలబెట్టారు. ఒకరు సముద్రాలు దాటి తిరిగి 1552లో చైనా తీరాన షాంగ్‌చువాన్ దీవిలో చనిపోయారు. ఇంకొకరు మఠంలో చేరాక మిషన్లకు వెళ్లనే లేదు, మిషనరీల కోసం ప్రార్థిస్తూ 24 ఏళ్లకే కన్నుమూశారు. మిషన్ పని అంటే తిరగడమేనా అని అడిగేవాళ్లకు ఈ జంటను చూపిస్తే చాలు.

ఒక హద్దు గుర్తుంచుకోండి. బహిరంగ వందనం పునీతులకు, ధన్యజీవులకు (పునీత పట్టానికి ముందు మెట్టు చేరినవారికి) మాత్రమే. ధన్యజీవుల విషయంలో కూడా ఆ అనుమతి కొన్ని మేత్రాసనాలకు (బిషప్ పరిధిలోని ప్రాంతాలకు), మఠాలకు పరిమితమై ఉంటుంది, కాబట్టి బిషప్ కార్యాలయాన్ని అడగాలి. దైవసేవకులు, గౌరవనీయులు అన్న ఇంకా ముందు దశల్లో ఉన్నవారి భౌతిక శేషాలకు గుడిలో బహిరంగ వందనం జరపకూడదు, మీకు వారి మీద ఎంత ప్రేమ ఉన్నా సరే. అలా చేస్తే పునీత పట్టం కోసం నడుస్తున్న దర్యాప్తుకే అడ్డం పడవచ్చు.

ఎవరిని అడగాలి

అవశేషాలు సాధారణంగా మూడు చోట్ల ఉంటాయి: సమాధి ఉన్న పుణ్యక్షేత్రంలో, ఆ పునీతుడి మఠంలో, పునీత పట్టం దర్యాప్తును నడిపిన ప్రతినిధి, అంటే పోస్టులేటర్ దగ్గర. వీళ్లలో ఎవరికి రాసినా ఉత్తరం మీ బిషప్ ద్వారా, లేదా ఆయన లిఖిత అనుమతి జతచేసి వెళ్లాలి. ఫోన్‌లో ‘సరే తీసుకెళ్లండి’ అన్న మాట చాలదు.

ఉత్తరంలో కథలొద్దు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎన్ని కేంద్రాలు, ఎవరు తీసుకొస్తారు, రాత్రి ఎక్కడ ఉంచుతారు, ఖర్చు ఎవరిది అన్నవి రాయండి. శాశ్వతంగా ఉంచుకోవడానికైతే ఏ గుడిలో, ఏ స్థలంలో అన్నది కూడా రాయాలి. పేరున్న పేటికల (అవశేషాలు ఉంచే పెట్టెల) కోసం కనీసం ఏడాది ముందు అడగడం మంచిది. వాటి షెడ్యూల్ ఖాళీగా ఉండదు. 2009లో తూరిన్ నుంచి బయలుదేరిన, సలేసియన్ సభ స్థాపకుడు డాన్ బోస్కో పేటిక, 2015లో వచ్చిన ఆయన 200వ జయంతి సందర్భంగా వందకు పైగా దేశాలు తిరిగింది.

పూర్తి దేహం, దేహంలోని ముఖ్య భాగం, దహనం చేసినవారి మొత్తం బూడిద: వీటిని విశేష అవశేషాలు అంటారు. వాటిని శాశ్వతంగా ఇంకోచోటికి మార్చాలంటే పరిశుద్ధ సింహాసనం (వాటికన్) అనుమతి కావాలని శ్రీసభ చట్టంలోని 1190వ సూత్రం చెబుతుంది. చిన్న ముక్కలు, పునీతులు వాడిన వస్తువులు రెండో రకం. మిషన్లకు మామూలుగా వచ్చేవి ఇవే.

అదే 1190వ సూత్రం అవశేషాలను అమ్మడాన్ని పూర్తిగా నిషేధించింది. నిజానికి 1215లో నాలుగో లాతెరాన్ మహాసభే ఈ మాట చెప్పింది. అయినా ఆన్‌లైన్‌లో వేలాలు ఆగడం లేదు. ఇటలీ యువ పునీతుడు కార్లో అకుటిస్ వెంట్రుకలంటూ 2025లో ఎవరో అమ్మకానికి పెడితే అస్సీసీ బిషప్ ప్రాసిక్యూటర్లకు ఫిర్యాదు చేయాల్సి వచ్చింది. ‘పోనీ, మనం కొని కాపాడదాం’ అనే మంచి మనసు కొందరికి ఉంటుంది. నా ఉద్దేశంలో అది అమ్మేవాడికి ఇంకో గిరాకీ చూపించడమే. అలాంటిది కంటబడితే స్క్రీన్‌షాట్ తీసి మేత్రాసనానికి పంపండి.

కాగితం, ముద్ర, దారం

ఈ మెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. వాటికన్‌లో పునీత పట్టాల వ్యవహారాలు చూసే విభాగం 2017 డిసెంబరులో అవశేషాల మీద ఒక ఉత్తర్వు ఇచ్చింది. ప్రామాణికతను ధ్రువీకరించే శ్రీసభ అధికారుల పత్రం లేకుండా ఏ అవశేషాన్నీ వందనానికి పెట్టకూడదని అందులో ఉంది. ఆ పత్రాన్ని ‘అథెంటిక్’ అంటారు.

డబ్బీని టేబుల్ మీద మెత్తటి గుడ్డ పరిచి పెట్టండి. మామూలుగా అది పాత చేతిగడియారమంత ఉండే గుండ్రటి లోహపు పెట్టె, దాని పేరు థేకా. ముందువైపు అద్దం, లోపల ఎర్ర పట్టు మీద అతికించిన చిన్న ముక్క, దాని కింద సన్నటి కాగితపు పట్టీ మీద లాటిన్‌లో పేరు. పేరుకు ముందో వెనకో పొడి అక్షరాలుంటాయి: ఎస్ అంటే పునీత, బి అంటే ధన్య, ఎమ్ అంటే వేదసాక్షి, వి అంటే కన్య. ‘ఎక్స్ ఒస్సిబుస్’ అని ఉంటే ఎముక నుంచి తీసినది, ‘ఎక్స్ కార్నే’ అంటే మాంసం నుంచి, ‘ఎక్స్ కపిల్లిస్’ అంటే జుట్టు నుంచి, ‘ఎక్స్ ఇందుమెంతిస్’ అంటే దుస్తుల నుంచి.

ఇప్పుడు వెనక్కి తిప్పండి. వెనక మూతను ఎర్ర పట్టుదారంతో అడ్డంగా కట్టి, దారం మీద ఎర్ర లక్కతో ముద్ర వేసి ఉంటుంది. దారం ఎక్కడా తెగకూడదు, ముద్ర పగలకూడదు. ఆ ముద్ర గుర్తు, పత్రం మీద ఉన్న ముద్ర గుర్తు ఒకటేనా చూడండి. పత్రంలో పునీతుడి పేరు, అవశేషం ఏ రకం, పెట్టె ఆకారం, ఇచ్చిన అధికారి సంతకం, తేదీ ఉంటాయి. భూతద్దం వాడటానికి మొహమాటపడకండి. చూసినవన్నీ ఫొటో తీసి, ఇద్దరు సంతకం పెట్టిన కాగితంతో కలిపి ఉంచండి.

దారం తెగి ఉంటే? మీరే ముడి వేయొద్దు, జిగురు పెట్టొద్దు, తెరిచి చూడాలన్న కుతూహలం అసలే వద్దు. ఉన్నదున్నట్టు మూటగట్టి బిషప్ కార్యాలయానికి చేర్చండి. ముద్ర తిరిగి వేసే అధికారం అక్కడివారిదే. పత్రం పోయిన పాత డబ్బీ మీ సక్రిస్టీలో (పూజా వస్త్రాలు, పాత్రలు ఉంచే గదిలో) దొరికినా అదే దారి. ‘తాతల కాలం నుంచి ఉంది’ అన్నది ప్రేమకు ఆధారం అవుతుంది గానీ ప్రామాణికతకు కాదు.

ఇంకో మాట. ఉన్న ముక్కను రెండు చేసి రెండు ఊళ్లకు పంచుదామని ఎవరైనా అంటే వెంటనే ఆపండి. పంచుకోవాలన్న కోరికకు గ్రెగోరీగారే దారి చూపారు. పునీత పౌలువారి తల పంపమని కాన్‌స్టాంటినోపుల్ మహారాణి 594 ప్రాంతంలో అడిగితే ఆయన ఇవ్వనన్నారు. రోములో దేహాలను ముట్టుకోరనీ, పెట్టెలో పెట్టిన గుడ్డను సమాధి దగ్గర ఉంచి దాన్నే పంపుతారనీ జవాబు రాశారు. మీరూ శుభ్రమైన గుడ్డ ముక్కలను పేటికకు తాకించి అన్ని ఉపకేంద్రాలకు ఇవ్వవచ్చు. కాకపోతే అది తాకించిన గుడ్డ అనే చెప్పండి, ఎముక అనే ప్రచారం మొదలవకుండా చూడండి.

జనాన్ని సిద్ధం చేయడం

అవశేషం వచ్చిన రోజున మైకులో చెప్పేది ఎవరి చెవికీ ఎక్కదు. కనీసం మూడు ఆదివారాల ముందు మొదలుపెట్టండి. మూడు వారాలకు మూడు వాక్యాలు సరిపోతాయి: ఎలీషా ఎముకలు తగిలి చనిపోయినవాడు లేచి నిలబడటం (2 రాజులు 13:20–21), పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడిన స్త్రీ యేసు అంగీని తాకడం (మార్కు 5:25–34), పౌలు ఒంటిని తాకిన చేతిగుడ్డలను రోగుల దగ్గరికి తీసుకెళ్లడం (అపొస్తలుల కార్యములు 19:11–12). మూడు చోట్లా స్వస్థపరిచింది దేవుడే. ఆ మాట మీద నిలబడి మాట్లాడండి. ఆరాధన దేవుడికి మాత్రమే, పునీతులకు చేసేది గౌరవ వందనం అన్న తేడా పిల్లలకు కూడా నోటికి రావాలి. 1563లో త్రెంత్ మహాసభ ఈ గౌరవాన్ని సమర్థిస్తూనే, దాని చుట్టూ పెరిగే మూఢనమ్మకాన్ని, లాభాపేక్షను తీసేయమని కూడా ఆదేశించింది. రెండు సగాలూ చెప్పండి.

మిషన్ ప్రాంతాల్లో ఇంకో చిక్కుంది. ఎముక అంటే కొన్ని జాతుల్లో మైల, భయం. ఇంకొన్ని చోట్ల పెద్దల ఎముకలకు ప్రత్యేక పూజలుంటాయి. మొదటి చోట జనం గుడికే రాకపోవచ్చు, రెండో చోట పేటిక ముందు మీరు ఊహించని నైవేద్యాలు వచ్చి పడవచ్చు. కాబట్టి ఊరి పెద్దలతో, ముఖ్యంగా వయసు పైబడిన ఆడవాళ్లతో ముందే కూర్చుని ‘మీ వాళ్లు దీన్ని ఎలా తీసుకుంటారు’ అని అడగండి. వాళ్లు చెప్పేదాన్ని బట్టి మీ ప్రసంగం మార్చుకోవాలి. భయపడేవాళ్లను బలవంతంగా ముద్దు పెట్టించడం అన్యాయం. దూరం నుంచి తల వంచినా వందనమే.

స్వస్థత గురించి వచ్చే ప్రశ్నలకు జవాబు ముందే అనుకోండి. ప్రార్థించమని చెప్పండి, మందులు మానమని ఎవరూ ఎవరికీ చెప్పకూడదు. ఎవరికైనా నయమైందనిపిస్తే వివరాలు, వైద్య రికార్డులు విచారణ గురువుకు ఇవ్వాలి. అక్కడికక్కడే మైకు పట్టుకుని ‘అద్భుతం’ అని ప్రకటించే ఉత్సాహవంతుడు ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు, మైకు అతనికి అందకుండా చూసుకోండి.

ప్రయాణం

గట్టి పెట్టె, లోపల పేటిక ఆకారానికి కోసిన ఫోమ్, పైన తాళం. విమానంలో అయితే చెక్-ఇన్ లగేజీలో వేయొద్దు, చేతిలోనే ఉండాలి. మానవ శేషాల మీద ఒక్కో దేశానికి ఒక్కో నిబంధన ఉంటుంది. కాబట్టి విమాన సంస్థను, కస్టమ్స్ వాళ్లను ముందే సంప్రదించి, బిషప్ ఉత్తరం, అథెంటిక్ నకలు దగ్గర పెట్టుకోండి. 2018 జనవరిలో ఫ్రాన్సిస్ శౌరివారి కుడిచేతిని రోము నుంచి కెనడాకు తీసుకెళ్లినప్పుడు దానికి విమానంలో సొంత సీటే కేటాయించారు. మీది అంత పెద్దది కాకపోయినా, సీటు కింద తోసేసి నిద్రపోవద్దు.

ఎప్పుడూ ఇద్దరు ఉండాలి. ఒకరు టీకి దిగితే రెండోవారు కదలకూడదు. ఎండలో ఆపిన కారులో వదలొద్దు, లక్క మెత్తబడి ముద్ర చెడిపోతుంది. వందనం సమయంలో కొవ్వొత్తిని మరీ దగ్గరగా పెట్టినా అదే టెన్షన్.

దొంగతనం జరగదని అనుకోకండి. 2014లో ఇటలీలోని ఒక చిన్న గుడి నుంచి పునీత రెండో జాన్ పాల్ రక్తం అంటిన గుడ్డ ఉన్న పేటికను ఎత్తుకెళ్లారు. 2017లో డాన్ బోస్కో అవశేషం ఉన్న పేటికను ఆయన స్వస్థలంలోని బసిలికాలోనే కాజేశారు. అది బంగారమని దొంగ అనుకున్నాడట. రెండూ దొరికాయి గానీ, మీకు అంత అదృష్టం ఉంటుందని నమ్మకం ఏమిటి? మెరిసే పేటిక కంటే సాదా చెక్క పేటికే మిషన్‌కు నయం. రాత్రి తాళం వేసిన గదిలో ఉంచి, తాళం ఎవరి దగ్గరుందో పుస్తకంలో రాయండి.

గుడిలో ఎక్కడ పెట్టాలి

బలిపీఠం మీద వద్దు. అది క్రీస్తు శరీర రక్తాలకే. దివ్యసత్ప్రసాద మందసానికి (పవిత్ర అప్పం ఉంచే పెట్టెకు) ఎదురుగా కూడా వద్దు, జనం మందసానికి వీపు తిప్పి నిలబడాల్సి వస్తుంది. పక్కన ఒక బల్ల, తెల్లగుడ్డ, రెండు దీపాలు, కొన్ని పూలు, పునీతుడి బొమ్మ చాలు. జనం ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపు నుంచి బయటికి వెళ్లే దారి ఉందో లేదో ముందురోజే నడిచి చూసుకోండి.

ఆ రోజు

ఊరి మొదట్లో ఎదురెళ్లి, పాటలతో గుడికి తీసుకురండి. వాక్యపఠనం, చిన్న ప్రసంగం, పునీతుల ప్రార్థనమాలిక, తర్వాత వందనం. సాంబ్రాణి వేసేటప్పుడు పునీతుల అవశేషానికి ధూపకలశాన్ని రెండుసార్లు ఊపాలి, పవిత్ర సిలువ అవశేషమైతే మూడుసార్లు. ఆ పునీతుడి గౌరవార్థం ప్రత్యేక పూజ పెట్టాలనుకుంటే ముందు పూజా కాలెండర్ చూడండి. ఆగమన కాలపు, తపస్సు కాలపు, పాస్కా కాలపు ఆదివారాల్లో కుదరదు. వేదసాక్షులైతే ఎర్ర వస్త్రాలు, మిగతావారికి తెలుపు.

లెక్క ముందే వేసుకోండి. ఒక్కొక్కరికి ఆరు సెకన్లు పడితే గంటకు 600 మంది. 1,500 మంది వస్తారనుకుంటే రెండున్నర గంటలు, అందులో ముసలివాళ్లు, పసిపిల్లల తల్లులు నెమ్మదిగా కదులుతారు. వాళ్లకు వేరే వరుస, కుర్చీలు పెట్టండి. అద్దాన్ని ముద్దు పెట్టుకునే అలవాటు ఉన్నచోట ఒకరు పక్కనే నిలబడి, ఒక్కొక్కరి తర్వాత శుభ్రమైన పొడిగుడ్డతో తుడవాలి. జబ్బులు ప్రబలే కాలంలో ముద్దు మానిపించి చేత్తో తాకించండి, లేదా తల వంచితే చాలనండి. శానిటైజర్‌ను పేటిక మీద చల్లకండి, పూత పోతుంది.

వరుస పక్కనే పాపసంకీర్తనం (పాపాల ఒప్పుకోలు) వినే గురువులు ఉండేలా చూడండి. వరుసలో నిలబడ్డ మనిషికి ఆలోచించుకోవడానికి తీరిక దొరుకుతుంది, ఎన్నో ఏళ్లుగా సంకీర్తనం చేయనివాళ్లు అక్కడ పక్కకు తిరుగుతారు. ఆ రోజు ఎంతమంది వచ్చారన్న సంఖ్య కంటే నాకు ఇదే ముఖ్యం.

ఊరూరా తిప్పేటప్పుడు

పది కేంద్రాలకు గంట గంట చొప్పున పరుగులు పెట్టడం కన్నా నాలుగు కేంద్రాల్లో సగం రోజు చొప్పున ఆగడం మేలు. మిగతా ఊళ్లవాళ్లు దగ్గరి కేంద్రానికి నడిచి వస్తారు, ఆ నడకే యాత్ర. గుడికి రాలేనివాళ్ల గురించి మాత్రం విడిగా ఆలోచించండి. 2009లో చిన్న తెరేజమ్మ అవశేషాలు ఇంగ్లండ్, వేల్స్‌లలో తిరిగినప్పుడు వాటిని లండన్‌లోని వర్మ్‌వుడ్ స్క్రబ్స్ జైలుకు కూడా తీసుకెళ్లారు. మీ దగ్గర ఆసుపత్రి ఉంటే, కుష్టురోగుల ఆశ్రమం ఉంటే, జైలు ఉంటే, బిషప్ అనుమతితో షెడ్యూల్‌లో ముందు వాటినే రాయండి. పలుకుబడి ఉన్న కుటుంబాల ఇళ్లకు తీసుకెళ్లమన్న ఒత్తిడి వస్తుంది. ఒక్క ఇంటికి వెళితే ఇక ఆపలేరు. కాబట్టి ఏ ఇంటికీ వెళ్లకండి, మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు తప్ప.

డబ్బు

వందనానికి రుసుము ఉండకూడదు. కానుకల పెట్టె పేటిక పక్కన వద్దు, గుమ్మం దగ్గర ఉంచండి. తాకించిన గుడ్డలు, బొమ్మలు ఉచితంగా ఇవ్వండి. ప్రయాణం, అచ్చు, భోజనాల ఖర్చును తర్వాతి ఆదివారం గుడిలో చదివి వినిపించండి.

అప్పగింత

తిప్పి పంపేముందు తెచ్చినప్పటి ఫొటోలు పక్కన పెట్టుకుని దారం, ముద్ర, అద్దం మళ్లీ చూడండి. తేడా ఉంటే దాచకుండా రాయండి. అప్పగించినవారు, తీసుకున్నవారు ఇద్దరూ సంతకం చేయాలి.

అవశేషం మీ దగ్గరే ఉండిపోయేదైతే విచారణ ఆస్తుల జాబితాలో దాన్ని చేర్చండి. అథెంటిక్ అసలు ప్రతిని విచారణ బీరువాలో పెట్టి, నకలును మేత్రాసనానికి పంపండి. చెమ్మ, చీమలు చేరని చోట తాళం వేసి ఉంచి, పునీతుడి పండుగ రోజున బయటికి తీయండి. ఇలాంటివి ఎక్కువగా కనబడకుండా పోయేది దొంగల వల్ల కాదు, గురువుల బదిలీల వల్ల: పాతవారు చెప్పడం మరిచిపోతారు, కొత్తవారికి అది సొరుగులో పాత డబ్బీలా కనిపిస్తుంది. అందుకే బదిలీ రోజున తాళాలు, లెక్కల పుస్తకాలతో పాటు థేకాను కూడా టేబుల్ మీద పెట్టి, వెనక ముద్ర చూపించి, కొత్త గురువు సంతకం తీసుకోండి.